మాటలు కలిస్తేనే అర్థం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పెద్దలు ఫోన్ చేసి "మేడం, పిల్లల చదువు మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. జోడేఘాట్ గురించి, జల్ జంగల్ జమీన్ గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. మాటలు చెవిలో పడ్డాక మన తల లోపల జరిగే పని గురించి చెబుతాను. ఒక మాట, దాని వెనక ఇంకో మాట వస్తాయి. అవి కలిసి ఒక అర్థంగా ఎలా మారతాయి? సైన్సు క్లాసు పెడుతోంది అనుకోకండి. మన పిల్లలు బడిలో ఉండడానికీ, బడి మానేయడానికీ ఈ సంగతితో సంబంధం ఉంది.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

నేను టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత హాస్టల్ వార్డెన్‌గా వచ్చాను. మొదటి సంవత్సరాల్లో నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉండేది. సాయంత్రం స్టడీ అవర్‌లో తెలుగు వాచకం ఇస్తే గడగడా చదివేది. ఒత్తులు తప్పేది కాదు, దీర్ఘాలు తప్పేది కాదు. "శభాష్" అన్నాను. తర్వాత అడిగాను: "ఈ కథలో ఎవరు ఎవరికి సాయం చేశారు?" పిల్ల నా ముఖం చూసింది. మళ్లీ అడిగాను. తల దించుకుంది. పాఠంలో ఏరు అనే మాట ఉంది. "ఏరు అంటే ఏమిటి?" అంటే మాత్రం టక్కున "నీళ్లు" అంది. పక్క పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వకుండా ఉండాల్సింది. మన గోండిలో ఏర్ అంటే నీళ్లే కదా. ఆ పిల్ల తనకు తెలిసిన మాటను పట్టుకుని, దాని ఆధారంతో పాఠంలోకి వెళ్లాలని చూసింది. నాకూ గోండి వచ్చు, అయినా నాకు ఆ సంగతి తట్టలేదు. హాస్టల్‌లో తెలుగులోనే మాట్లాడాలన్న పట్టింపు అప్పట్లో నాకు ఎక్కువగా ఉండేది. నా రిజిస్టర్‌లో ఆ పిల్ల పేరు పక్కన "చదువుతుంది, గ్రహింపు తక్కువ" అని రాశాను.

వారం తిరక్కుండానే ఒక రాత్రి కరెంటు పోయింది. టార్చ్ పట్టుకుని వరండాలోకి వెళ్తే ఆ పిల్లే పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని గోండిలో కథ చెబుతోంది. మామూలు కథ కాదు. అన్న చెప్పిన మాట చెల్లెలు విన్నదనీ, ఆ విన్న మాటను వదినకు వేరేగా చెప్పిందనీ, దానివల్ల అన్నకు కోపం వచ్చిందనీ, ఒక మాటలో ఇంకో మాట, దానిలో మరో మాట పెట్టుకుంటూ పోతోంది. ఎవరు ఎవరితో ఏమన్నారో ఎక్కడా తడబడలేదు. వింటున్న పిల్లలూ తడబడలేదు. నేను చీకట్లో నిలబడి విన్నాను. గ్రహింపు తక్కువ ఎవరికో నాకు ఆ రాత్రి అర్థమైంది.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. అందులో నాకు బాగా పనికొచ్చినవి మీకు చెబుతాను.

మొదటి సంగతి. వాక్యం అర్థం అంటే మాటల అర్థాల కుప్ప కాదు. ఈ రెండు వాక్యాలు వినండి. "పులి మేకను తరిమింది." "పులిని మేక తరిమింది." పులి, మేక, తరమడం. రెండింటిలోనూ ఉన్నవి ఇవే మూడు. ఒక చోట నుంచి 'ను' తీసి ఇంకో చోట 'ని' పెట్టాం, అంతే. మొదటిది రోజూ జరిగేది, రెండోది నవ్వు పుట్టించేది. మాటలన్నీ తెలిసినా, ఆ చిన్న ప్రత్యయం చేసే పని పట్టుకోలేకపోతే ఎవరు ఎవరిని తరిమారో తెలియదు. తెలుగులో ఈ భారమంతా మాట చివర ఉన్న చిన్న శబ్దం మీదే ఉంటుంది. ఇంగ్లీషులో మాటలు నిలబడే వరుస మీద ఉంటుంది. మన గోండిలోనూ ఇలాంటి ప్రత్యయాలు ఉన్నాయి, కానీ వాటి శబ్దాలు వేరు.

ఈ కలిపే పని మెదడులో విడిగా దెబ్బతినవచ్చని డాక్టర్లు చాలా కాలం క్రితమే గమనించారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, మాట దాదాపు పూర్తిగా పోయిన ఒక రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించాడు. ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికె, ధారాళంగా మాట్లాడుతూ ఎదుటివాళ్ల మాట అర్థం చేసుకోలేని రోగులను వర్ణించాడు. వాళ్లకు దెబ్బ తగిలింది ఎడమ చెవి పైభాగానికి దగ్గరగా, కొంచెం వెనక్కి. చాలా ఏళ్లపాటు అందరూ ముందు భాగం మాట్లాడడానికి, వెనక భాగం వినడానికి అనుకున్నారు. 1976లో కారమాజ్జా, జూరిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రోకా రకం రోగులకు ఒక పరీక్ష పెట్టారు. 'అబ్బాయి తింటున్న ఆపిల్ ఎర్రగా ఉంది' లాంటి వాక్యం వాళ్లకు అర్థమైంది. ఎందుకంటే ఆపిల్ అబ్బాయిని తినదు. లోకజ్ఞానంతో సర్దుకోవచ్చు. ఎవరు ఎవరినైనా తరమగలిగే వాక్యం ఇస్తే మాత్రం తడబడ్డారు. మాటలు తెలుసు, వాటిని కట్టే ముడి తెగింది.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా వినండి. మన పిల్లలకు మెదడులో ఏ లోపమూ లేదు. కానీ కొత్త భాషలో చదివేటప్పుడు వాళ్లూ అదే ఉపాయం చేస్తారు. తెలిసిన రెండు మాటలు పట్టుకుని, మిగతాది లోకజ్ఞానంతో ఊహిస్తారు. ఊహ సరిపోతే మార్కు వస్తుంది, సరిపోకపోతే 'మొద్దు' అనే పేరు వస్తుంది.

రెండో సంగతి. మెదడు వాక్యం పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోదు. ఒక్కో మాట రాగానే, అప్పటిదాకా కట్టుకున్న అర్థంలో దాన్ని ఇముడుస్తుంది. రాబోయే మాటను ముందే కొంత ఊహిస్తుంది కూడా. నేనిప్పుడు "మా అవ్వ జొన్న రొట్టెను పప్పులో ముంచి ఉతికింది" అన్నాననుకోండి. చూశారా, నవ్వారు. 'ఉతికింది' దగ్గర మీ అందరికీ లోపల ఏదో తట్టుకుంది. 1980లో అమెరికాలో మార్టా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ ఆ తట్టుకోవడాన్నే కొలిచారు. తల మీద చిన్న తీగలు అతికించి మెదడులోని విద్యుత్తును చూసే పద్ధతిని ఈఈజీ అంటారు. వాక్యం చివర పొసగని మాట కనిపించిన దాదాపు 400 మిల్లీసెకన్లకు, అంటే అర సెకను కూడా కాకముందే, ఒక అల లేచింది. దానికి ఎన్400 అని పేరు పెట్టారు. తప్పు మాటలకే కాదు, అర్థమున్న ప్రతి మాటకూ ఆ అల కొంత వస్తుంది. ముందు మాటలు దారి వేసి ఉంటే చిన్నగా, దారి లేకపోతే పెద్దగా వస్తుంది. అంటే తెలిసిన భాషలో ముందు మాటలు వెనక మాటల పని తేలిక చేస్తాయి. తెలియని భాషలో ప్రతి మాటా కొత్త బరువే.

మూడో సంగతి. రెండే రెండు మాటలు కలిసినప్పుడు ఏం జరుగుతుంది? 2011లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ బెమిస్, లీనా పిల్కానెన్ దీన్ని చూశారు. 'ఎర్ర పడవ' లాంటి జంట ఒకటి, కలవని రెండు వస్తువుల పేర్లు ఒకదాని తర్వాత ఒకటి ఇంకొకటి. రెండింట్లోనూ చివరి మాట పడవే. కానీ 'ఎర్ర' ముందుండి రెండూ ఒక వస్తువుగా కలిసినప్పుడు, ఎడమ కణత లోపలి భాగంలో పావు సెకనులోపే పని పెరిగింది. తల చుట్టూ ఏర్పడే అతి సూక్ష్మమైన అయస్కాంత శక్తిని కొలిచే ఎంఈజీ అనే యంత్రంతో దీన్ని పట్టుకున్నారు. కలిపే పని ఫలానా చోటే జరుగుతుందా, చాలా చోట్ల కలిసి జరుగుతుందా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ మాటను గుర్తుపట్టడం ఒక పని, మాటలను కలపడం దాని మీద ఇంకో పని అన్నది మాత్రం తేలింది.

ఇప్పుడు నాలుగో సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. 2016లో నాయ్ డింగ్, డేవిడ్ పోపెల్, వాళ్ల బృందం ఒక ప్రయోగం చేశారు. చైనీస్ భాషలో ఒక్కో అక్షరాన్ని పావు సెకను చొప్పున, మధ్యలో విరామం లేకుండా, రాగం లేకుండా కంప్యూటర్‌తో వినిపించారు. అంటే సెకనుకు నాలుగు అక్షరాలు. రెండు అక్షరాలు కలిస్తే ఒక పదబంధం, నాలుగు కలిస్తే ఒక వాక్యం. శబ్దంలో మాత్రం ఎక్కడ పదబంధం ముగిసిందో, ఎక్కడ వాక్యం ముగిసిందో చెప్పే గుర్తు ఏదీ లేదు. ఆ హద్దులు వినేవాడు తన మనసులోనే గీసుకోవాలి.

చైనీస్ వచ్చినవాళ్ల మెదడులో మూడు లయలు కనిపించాయి. అక్షరాలకు సెకనుకు నాలుగు, పదబంధాలకు రెండు, వాక్యాలకు ఒకటి. చైనీస్ రాని ఇంగ్లీషువాళ్లకు అదే శబ్దం వినిపిస్తే ఒక్క లయే కనిపించింది, అక్షరాలది. చెవి పని చేస్తోంది, శబ్దం స్పష్టంగా అందుతోంది, కట్టడం మాత్రం లేదు. ఇంగ్లీషువాళ్లకు ఇంగ్లీషు వాక్యాలు వినిపిస్తే పై లయలు కూడా వచ్చాయి.

మన దండారిలో గుమేల మోగుతుంటే ఊరికి కొత్తగా వచ్చినవాడికి అది చప్పుడు. మన పిల్లవాడికి ఏ దెబ్బ దగ్గర అడుగు మారాలో, ఎక్కడ తిరగాలో కాళ్లకే తెలుసు. ఇద్దరి చెవులూ ఒకటే, తేడా అలవాటులో ఉంది.

ఇది చదివినప్పుడు నాకు ఆ నాలుగో తరగతి పిల్ల గుర్తొచ్చింది. గడగడా చదువుతున్నప్పుడు ఆమెలో మోగుతున్నది అక్షరాల లయ. నేను దానికే శభాష్ అన్నాను. పై లయలు లేవని నాకు తెలియలేదు.

చదువు గురించి రాసిన గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో ఈ విషయాన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలు చదవగలగడం, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు, గుణకారం. కూడికలో ఒకటి సున్నా అయినా రెండోది మిగులుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. మన బడుల్లో పిల్లలకు మొదటిది నేర్పడానికి ఎంతో కష్టపడతాం. రెండోది ఇంటి నుంచే వస్తుందనుకుంటాం. తెలుగు ఇంటి పిల్లకు వస్తుంది. గూడెం పిల్లకు ఇంటి నుంచి వచ్చేది గోండి.

ఆ గోండి తక్కువదేమీ కాదు. 2022లో ఎవెలీనా ఫెడొరెంకో బృందం 12 భాషా కుటుంబాలకు చెందిన 45 భాషలవాళ్లను ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకే పుస్తకంలోని భాగాలను ఎవరి మాతృభాషలో వాళ్లకు వినిపించింది. ఏ భాష అయినా పని చేసిన మెదడు ప్రాంతాలు దాదాపు ఒకటే. తమకు రాని భాష వినిపిస్తే ఆ ప్రాంతాల్లో అంత పని జరగలేదు. అంటే మనిషి మెదడుకు పెద్ద భాష, చిన్న భాష అనే తేడా లేదు. లిపి ఉందా, పుస్తకం ఉందా, ఉద్యోగం వస్తుందా అని అది అడగదు. తెలుసా, తెలియదా, అంతే చూస్తుంది.

మరి పుస్తకం లేదనే మాటైనా నిజమా? 1940లలోనే మన మర్లవాయిలో హైమెండార్ఫ్ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించి, గోండిలో వాచకాలు తయారు చేయించారు. గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. మీ ఫోన్లలోకి రావడానికి దానికి అర్హత ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంటోంది. కాగితం మీద ఉన్నది గదిలోకి రావాలంటే మనుషులు కావాలి. అందుకే మీతో మాట్లాడుతున్నాను.

తెలుగు వద్దు అనడం లేదు, ఇంగ్లీషు వద్దు అనడం లేదు. రెండూ కావాలి. పిల్లలకు ఉద్యోగాలు కావాలి, ఆసుపత్రిలో, బ్యాంకులో, మండల ఆఫీసులో మోసపోకుండా మాట్లాడగలగాలి. నేను చెప్పేది దారి గురించి. అర్థం కట్టుకునే అలవాటు ఏ భాషలో బలంగా ఉందో అక్కడి నుంచి కొత్త భాషలోకి నడిపించాలి. ఆ భాషను గుమ్మం బయట విప్పించి లోపలికి రమ్మంటే పిల్ల ఖాళీ చేతులతో వస్తుంది.

మా హాస్టల్‌లో నేను మార్చుకున్నవి నాలుగు ఉన్నాయి. డబ్బు ఖర్చు లేనివి. డిగ్రీ చదువుతున్న మీరు సెలవుల్లో మీ గూడెంలో రోజుకు అరగంట చేయగలిగినవి.

ఒకటి. పాఠం తెరిచే ముందు కథంతా గోండిలో చెప్పండి. కోలాం పిల్లలుంటే కోలామీ వచ్చినవాళ్లతో చెప్పించండి. ఏం జరగబోతోందో తెలిసిన పిల్లకు తెలుగు మాటలు వచ్చినప్పుడు వాటిని ఎక్కడ ఇమడ్చాలో తెలుస్తుంది.

రెండు. వాక్యాన్ని అక్షరాలుగా కాదు, ముక్కలుగా చదివించండి. పెన్సిల్‌తో సన్న గీతలు పెట్టండి. "ముసలి రైతు / తన ఎడ్లను / ఏటి ఒడ్డుకు / తోలుకుపోయాడు." ఒక్కో ముక్క ఒక్క ఊపిరిలో. నాలుగు రోజులు చేస్తే గొంతులోనే తేడా వినిపిస్తుంది.

మూడు. ప్రతి వాక్యం తర్వాత ఒక్క ప్రశ్న అడగండి. ఎవరు? ఎవరిని? దేనితో? జవాబు ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి. జవాబు సరైనదైతే అర్థం కట్టుకున్నట్టే. తెలుగులో చెప్పడం తర్వాతి మెట్టు. రెండు మెట్లూ ఒకేసారి ఎక్కమనకండి.

నాలుగు. నవ్వకండి. ఏరు అంటే నీళ్లు అన్న పిల్లను, "అవును, గోండిలో అంతే. తెలుగులో ఆ నీళ్లు పారే వాగును ఏరు అంటారు" అనండి. ఆ పిల్లకు రెండు మాటలు మిగులుతాయి. నవ్వితే రెండూ పోతాయి.

ఇంకొక్క మాట, ఇది నా ఇంటి సంగతి. నా కొడుక్కి నేను చిన్నప్పటి నుంచీ తెలుగే మాట్లాడాను. బాగా చదువుకోవాలని, వాడిని చూసి ఎవరూ నవ్వకూడదని. వాడు బాగానే చదువుతున్నాడు. పోయిన దీపావళికి ఊరికి వెళ్లినప్పుడు మా అమ్మ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని మా తాతల కథ మొదలుపెట్టింది. వాడు బుద్ధిగా కూర్చుని విన్నాడు. కాసేపటికి నా చెవిలో "అమ్మా, అమ్మమ్మ ఏమంటోంది?" అని అడిగాడు. ఆ పిల్ల తెలుగు పాఠం ముందు ఎలా కూర్చుందో, నా కొడుకు మా అమ్మ ముందు అలా కూర్చున్నాడు. శబ్దం అందుతోంది, అర్థం కట్టుకోవడం లేదు. ఆ హాస్టల్ పిల్ల విషయంలో చేసిన తప్పు దిద్దుకున్నాను. ఇంట్లో చేసిన తప్పు ఇప్పుడు మొదలుపెట్టి దిద్దుకుంటున్నాను. వారానికి ఒకసారి మా అమ్మతో వాడు ఫోన్లో గోండిలోనే మాట్లాడాలి అని నియమం పెట్టాను. మొదట రెండు నిమిషాలు మాట్లాడేవాడు, ఇప్పుడు పది అవుతోంది. మీలో పెళ్లిళ్లయినవాళ్లు, కాబోయేవాళ్లు ఉన్నారు. పసిపిల్లలతో ఇంటి మాట మాట్లాడండి. దానివల్ల తెలుగు పోదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు లోకమంతా ఉన్నారు.

నాలుగో తరగతి పిల్ల ఏమైందని మీరు అడగవచ్చు. ఆమె క్లాసులో ఫస్టు రాలేదు. కానీ బడి మానలేదు. పది పాసై ఇంటర్‌లో చేరింది. సెలవుల్లో వచ్చి చిన్న పిల్లలకు కథలు చెబుతుంది, ముందు గోండిలో, తర్వాత తెలుగులో. ఆమె కంటే ముందు సంవత్సరం ఇంకో పిల్ల ఉండేది. ఆమె పేరు పక్కన కూడా నేను అదే మాట రాశాను, గ్రహింపు తక్కువ అని. దండారి సెలవులకు ఇంటికి వెళ్లి, తిరిగి రాలేదు. నేను రెండుసార్లు గూడెం వెళ్లాను. పొలం పనిలో ఉంది. "నాకు చదువు రాదు మేడం, మీరే రాశారు కదా" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మీ గూడెంలో కూడా అలాంటి పిల్ల ఒకతి ఉంటుంది. ఆమెకు చదువు రాదని ఎవరో చెప్పేసి ఉంటారు. ఈ సభ అయ్యాక ఇంటికి వెళ్లి ఆమెను ఒక కథ చెప్పమనండి, ఆమె భాషలో. కూర్చుని పూర్తిగా వినండి. ఆ తర్వాత పుస్తకం తెరవండి.